పొగపొయ్యి మాహాత్మ్యం

మనిషి కనిపెట్టిన వస్తువుల్లోకెల్లా గొప్పది, మాంసాన్ని కట్టెల పొగలో నెమ్మదిగా ఉడికించడానికి పెరట్లో పెట్టుకునే పొగపొయ్యి. చక్రం, కుట్టుమిషన్, పెన్సిలిన్ అన్నీ దాని తర్వాతే. ఎందుకంటారా? అవన్నీ పని తొందరగా తెమిలేలా చేస్తాయి. తొందరగా తెమిలే పనులు మనకి ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. ఓవెన్‌లో నాలుగు గంటల్లో ఉడికే మాంసాన్ని పద్నాలుగు గంటలు పట్టించే యంత్రం ఇంకోటి ఎక్కడైనా ఉంటే చెప్పండి, అదీ కొనుక్కుంటాను!

నా పేరు లొరీన్ మాఖాలా. టెక్సస్‌లో నోవి డోల్ అనే ఊళ్లో ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చుని రిటైరయ్యాను. నేను చెప్పేదంతా స్వానుభవం. ఒకసారి రెండు కనుబొమలూ పోగొట్టుకుని మరీ సంపాదించాను.

మా ఆయన ఎర్విన్‌కి అప్పటికే ఒక పొయ్యి ఉంది. అది కరెంటుతో నడుస్తుంది, చెక్కపొట్టు గుళికలు తింటుంది, ఫోను చెప్పినట్టు వింటుంది. ఎర్విన్ సోఫాలో పడుకుని వేలితో నొక్కితే పెరట్లో మాంసం కాలుతుంది. ఒక ఈస్టర్ రోజు చుట్టాలంతా బల్ల చుట్టూ సర్దుకున్నాక, "అప్‌డేట్ అవుతోంది, దయచేసి ఆగండి" అంది. ఆగాం. గంటన్నర తర్వాత, కొత్తగా నాలుగు భాషలు నేర్చుకున్నానని చెప్పింది. పంది భుజం మాత్రం పచ్చిగానే ఉంది. కట్టెలతో మండే అసలు సిసలు పొయ్యి కావాలని ఆ రోజే తీర్మానించుకున్నాను.

కొట్టుకి వెళ్తే ముప్పై రెండు రకాలు చూపించారు. అమ్మే కుర్రాడు ఒక్కోదాని గురించీ పెళ్లి సంబంధం చెప్పినట్టు చెప్పాడు. ఒళ్లు గట్టిది, తుప్పు పట్టదు, కాస్త పొగ తాగే అలవాటు తప్ప వంక పెట్టడానికి లేదు. నేను వేలితో తట్టి చూశాను. బిస్కెట్ డబ్బాలా మోగింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇక మిగిలింది ఆలోయిస్ కాస్పర్. మా ఊరి వెల్డింగు మనిషి. ఎనభై ఏళ్లవాడు, పెళ్లి చేసుకోలేదు, నోరు మంచిది కాదు. పాత గ్యాస్ ట్యాంకులు కోసి పొయ్యిలు చేసేవాడు. ఎంతమందికి వండుతావని అడిగాడు. ఇద్దరికన్నాను.

"ఇద్దరికైతే పెనం చాలు. పొయ్యి అంటే నలభైమందికి ఉండాలి."

నాకు అంతమంది తెలియదన్నాను.

"ముప్పై ఏళ్లు ఆ కిటికీలోంచి ఏం చూశావమ్మాయ్?" అన్నాడు. అమ్మాయికి అప్పుడు అరవై రెండేళ్లు.

ఆయన చేసిచ్చింది పదమూడు అడుగుల పొడవొచ్చింది. లోపలికి తేవడానికి కంచె పీకేశాం. మళ్లీ పాతలేదు. పాతితే పొయ్యి బయటుంటుంది, లేకపోతే మేం బయటుంటాం.

నేర్చుకోవడం సులువే అనుకుంటున్నారా? మొదటి మూడు వారాలూ ఆయన నన్ను మాంసం ముట్టుకోనివ్వలేదు. బకెట్ బోర్లించి కూర్చోబెట్టి పొగ చూడమన్నాడు. తెల్లగా ముద్దలు ముద్దలుగా వస్తే మంట ఊపిరాడక చస్తోందని అర్థం, మాంసం చేదెక్కుతుంది. నీలంగా, ఉందా లేదా అన్నంత పల్చగా రావాలి. మూతమీద చెయ్యి వేస్తే మణికట్టుమీద కర్రతో కొట్టేవాడు. నిద్రపోతున్న జ్వరం మనిషి దుప్పటి లాగి బాగున్నావా అని అడుగుతావా అనేవాడు.

నాలుగో వారం ఎద్దు రొమ్ము మాంసం పెట్టనిచ్చాడు. మేం దాన్ని బ్రిస్కెట్ అంటాం. మాంసం లోపలి వేడి చక్కగా నూట అరవై ఫారెన్‌హీట్ డిగ్రీలదాకా ఎక్కి అక్కడ ఆగిపోయింది. గంట చూశాను, మూడు గంటలు చూశాను. ముల్లు కదలదు. మాంసానికి చెమట పడుతుందట, ఆ చెమట ఆరేదాకా వేడి ఎక్కదట. ఎద్దు బతికున్నప్పుడు బండి దగ్గర మొరాయిస్తుంది, చచ్చాక పొయ్యిలో మొరాయిస్తుంది. అప్పుడేం చెయ్యాలని అడిగాను. కూర్చోవాలన్నాడు.

నేను కూర్చోలేక కట్టెలు ఎగదోశాను. కనుబొమలు పోయింది అప్పుడే. ఆ బ్రిస్కెట్‌ని ఎర్విన్ గ్యారేజీ తలుపుకి అడ్డం పెట్టాడు. రెండు తుఫానులకి కూడా జరగలేదు.

తర్వాత మెల్లగా చెయ్యి కుదిరింది. లాభాలు ఒకటా రెండా? మా వీధిలో దోమ లేదు. పక్కింటివాళ్లు బట్టలు ఆరేసుకోవడం మానేశారు, వాళ్లకి బోలెడు తీరిక చిక్కింది. ఫైరింజను మూడుసార్లు గొట్టాలతో వచ్చింది, నాలుగోసారి పళ్లేలతో వచ్చింది. చర్చిలో పాపాలు ఒప్పుకోవడానికి చీకటి గూట్లో మోకరిస్తే, నేనింకా నోరు తెరవకుండానే జాలీ అవతలినుంచి ఫాదర్ అడిగారు: "లొరీన్, ఈ వారం పంది పక్కటెముకలా?"

ముందటేడు అక్టోబరులో ఆలోయిస్ చనిపోయాడు. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. నేను ఒక్కసారి వెళ్లాను. ఇరవై నిమిషాలు ఆపుకోనిచ్చే చోట కారు పెట్టాను కనక ఇరవై నిమిషాలు కూర్చున్నాను. నేను పోయాక పెట్టే భోజనానికి వంట నువ్వే చెయ్యి, ఎర్విన్ ఫోన్ని దగ్గరికి రానివ్వకు, అన్నాడు.

అంత్యక్రియల కార్యక్రమం అచ్చు వేయించింది చర్చి హాలు చూసుకునే మార్విన్ సూలక్. పదకొండుకి చర్చిలో పూజ. పన్నెండుకి శ్మశానం. పన్నెండున్నరకి హాల్లో జ్ఞాపకాలు, తలకి రెండేసి నిమిషాలు. పన్నెండు ముప్పావుకి భోజనం. ఒకటిన్నరకి హాలు ఖాళీ చెయ్యాలి, రెండింటికి బింగో ఆట ఉంది. చూశారా, ఎంత పొందికో! కారు లైసెన్సు తిరగరాయించుకోవడానికి ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

పొయ్యిని ట్రక్కు వెనక కట్టి హాలు పెరట్లోకి తెచ్చి, ముందురోజు సాయంత్రమే నిప్పు పెట్టాను. ఆరు బ్రిస్కెట్లు. పూజకి వెళ్లలేదు, మంట దగ్గరే ఉండిపోయాను. పన్నెండున్నరకి శ్మశానం నుంచి అరవైమంది వచ్చారు. మార్విన్ వచ్చి ఎంతసేపన్నాడు.

"నూట అరవై దగ్గర మొరాయించింది మార్విన్. నా చేతుల్లో లేదు."

సరే, జ్ఞాపకాలు కానిద్దామన్నాడు. ఒంటిగంట కాకముందే మంచిమాటల నిల్వ అయిపోయింది. కష్టజీవి, నిజాయితీపరుడు, కష్టజీవి. తర్వాత అందరూ ఫోన్లు చూసుకున్నారు. మా హాల్లో సిగ్నల్ అంతంతమాత్రం. ఆకలేమో దంచేస్తోంది, వాసన గోడలు దాటి లోపలికొస్తోంది, తినకుండా కదిలేవాడు లేడు. రెండున్నరకి జనం నిజాలు చెప్పడం మొదలుపెట్టారు.

మార్విన్ తనే లేచాడు. తన గేటుకి ఇస్తానన్న కూలి తగ్గించమని గీచి గీచి అడిగితే, ఆలోయిస్ దాన్ని తలకిందులుగా బిగించి పోయాడట. పద్దెనిమిదేళ్లుగా అలాగే ఉందట. తిప్పించుకోలేదా అని ఎవరో అడిగితే, అలవాటైపోయిందన్నాడు. ఎమిల్ అనే రైతు, తామిద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవన్నాడు. ఎందుకో గుర్తు తెచ్చుకోవడానికి అరగంట తంటాలు పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక కారణం అందించారు. ఏదీ సరిపోలేదు. చివరికి తల పట్టుకుని కూర్చున్నాడు. బింగోకి వచ్చినవాళ్లు కూడా కుర్చీలు లాక్కున్నారు.

నాలుగింటికి వ్లాస్తా బార్తోష్ మాట్లాడింది. ఎనభై ఏళ్ల మనిషి, చర్చి పాటల బృందంలో ముందు వరస. ఒకప్పుడు ఆలోయిస్‌తో తనకి పెళ్లి కుదిరిందని చెప్పింది. మాలో సగంమందికి ఆ సంగతే తెలియదు.

"ఇల్లు కట్టాకే పెళ్లన్నాడు. చిమ్నీ ఒక్కదానికే నాలుగేళ్లు పట్టించాడు. ఆగలేక బార్తోష్‌ని చేసుకున్నాను. మా ఇంటికి మూడు వీధులవతల ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు ఇన్నేళ్లూ. నేను లోపల అడుగుపెట్టలేదు." చేతిరుమాలు మడత పెట్టుకుంది. "చిమ్నీ బాగా వచ్చిందా?"

గుమ్మంలో నిలబడ్డ నేనే చెప్పాల్సి వచ్చింది.

"లేదు వ్లాస్తా అత్తా. పొగంతా ఇంట్లోకే తన్నేది. అందుకే వంట ఆరుబయట మొదలుపెట్టాడు."

ఆవిడ నన్ను చూసింది. ఏడుస్తుందేమోనని ఎర్విన్ నీళ్లు తేబోయాడు. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, నవ్వీ నవ్వీ బల్లమీద వాలిపోయింది. అరవైమందీ నవ్వారు. ఆ తర్వాత ఫోను తీసినవాడు లేడు.

అయిదుంపావుకి మాంసం కోశాను. కత్తి వేస్తే వెన్నలా తెగింది.

చూశారుగా పొగపొయ్యి మహిమ? మొరాయించి మొరాయించి ఒక మనిషికి ఒక పూట ఇచ్చింది. ఇందులో పొయ్యి గొప్పతనమెంతో నిక్కచ్చిగా చెప్పాలంటే, ఏమీ లేదు.

మాంసం ఆ పొద్దున పదకొండున్నరకే ఉడికిపోయింది. వాళ్లు చర్చిలో ఉండగా ఆరు బ్రిస్కెట్లూ తీసి కాగితం చుట్టి, తువ్వాళ్లు కప్పి, ఐసు పెట్టెల్లో సర్ది ట్రక్కులో దాచాను. ఐసుని చల్లగా ఉంచే పెట్టె మాంసాన్ని వేడిగానూ ఉంచుతుంది. తర్వాత అయిదు గంటలకి పైగా ఖాళీ పొయ్యి కింద ఓక్ కట్టెలు తగలేశాను. అయిందని చెబితే ఇరవై నిమిషాల్లో తిని, బావుందని మూతి తుడుచుకుని పోయేవాళ్లు. ఎలా తెలుసంటారా? ఆస్పత్రినుంచి ఇరవై నిమిషాల్లో లేచి వచ్చింది నేనే కదా.

ఎవరూ కనిపెట్టలేదనుకున్నాను. వెళ్లేటప్పుడు వ్లాస్తా నా చెయ్యి పట్టుకుంది.

"కొవ్వు కారి నిప్పులమీద పడితే చిటపటమంటుంది. మధ్యాహ్నమంతా చప్పుడే లేదు." గొంతు తగ్గించింది. "నేను పోయినప్పుడు మార్విన్ ఇంకా తొందరపడతాడు. ఆరు గంటలు పట్టించు."

సరేనన్నాను. దానికోసం కట్టెలు కొట్టించి పెరట్లో పేర్చాను. ఓక్ బాగా ఎండడానికి ఏడాది పడుతుంది. వ్లాస్తా ప్రతి శనివారం వచ్చి ఒక కట్టె చేతిలోకి తీసుకుంటుంది, దీంతో నా వంట కాదు, ఇంకా పచ్చిగానే ఉంది అంటుంది, కుర్చీ లాక్కుని చీకటి పడేదాకా కబుర్లు చెబుతుంది. ఆ కట్టెలు ఖంగున మోగుతున్నాయి. ఎండిపోయి చాలా రోజులైంది.

నేనూ పచ్చివే అంటున్నాను.