ఊరంతా ఒకే ఇల్లు

ఆ ఆదివారం పొద్దున వాల్దెమార్ పెట్టుకున్న పనులు రెండే. ఎనిమిదింటికి ఓటింగు తెరవాలి, తర్వాత మాతె టీ పోసుకుని కాళ్లు చాపుకోవాలి. వాన పడితే మా ఊళ్లో ఎవరూ గడప దాటరు, ఇంటింటా తోర్తా ఫ్రీతా రొట్టెలు వేగుతాయి. అందుకే ఏటా చలికాలంలో వాన పడ్డ మొదటి ఆదివారం ఆ రొట్టెల పోటీ. ఈసారి ఓట్లు ఇంటర్నెట్‌లో పెట్టారు, ఇంటికొకటి చొప్పున. ఏ ఇంటి నుంచి ఓటు పడిందో సర్వర్ ఆ ఇంటి ఇంటర్నెట్ అడ్రసు రాసుకుంటుంది, మళ్లీ అదే అడ్రసు నుంచి వస్తే తీసుకోదు.

వాల్దెమార్ మునిసిపాలిటీలో కంప్యూటర్లు చూస్తాడు. పోటీలో ఉన్నది ఇద్దరే: అతని ఇంట్లోనే ఉండే అత్తగారు ఎర్మెలిందా, ఆవిడను పదకొండేళ్లుగా ఓడిస్తున్న బ్లాంకిటా. ఈసారీ ఓడితే మూకుడు అటకెక్కిస్తానని అత్తగారు శపథం పట్టారు. ఆ రొట్టెలు లేని ఇంటిని వాల్దెమార్ ఊహించుకోలేడు.

ఇంట్లోంచే ఓటింగు తెరిచి, పని చేస్తోందో లేదో చూద్దామని జాబితాలో పైనున్న పేరు నొక్కాడు. అది బ్లాంకిటా పేరు. చెరిపేసే లోపు పొయ్యి మీద కెటిల్ బుసకొట్టింది. మాతెలో మరిగిన నీళ్లు పోయడమంటే మా ఊళ్లో మనిషిని అవమానించడమే. పరుగెత్తాడు, ఓటు సంగతి మరిచాడు.

పావుగంటకు అత్తగారి కేక. “అల్లుడూ! ‘ఈ ఇంటి ఓటు పడిపోయింది’ అంటోందేమిటి? నా ఓటు ఎవరు గుద్దారు?” అని కూతురు గ్రిసెల్దాకేసి చూశారు.

“ఒట్టమ్మా, నేను ముట్టుకోలేదు!”

ఊళ్లో ఏ ఫోను చూసినా అదే మాట, ఏ ఇంట చూసినా అదే రభస. బ్లాంకిటా అయితే మొగుడు ఉల్పియానో మీద విరుచుకుపడింది.

“ఆవిడ రొట్టె మెత్తగా ఉందని పోయినేడు అన్నావుగా! నువ్వే వేశావు ఆవిడకి!”

“అన్న మాట నిజమే. ఓటు మాత్రం వెయ్యలేదే, తల్లీ!”

“నోర్ముయ్!”

పదింటికల్లా గొడుగులతో, చంకలో ఫ్లాస్కులతో ఊరంతా మునిసిపాలిటీ వరండాలో చేరింది. మేయరు అల్బెరికో గొంతు చించుకున్నాడు. “మూడొందల డెబ్బై అయిదు ఇళ్లయ్యా! ఎన్ని ఓట్లు పడ్డాయి?”

“ఒకటండీ,” అన్నాడు వాల్దెమార్.

సర్వర్ చిట్టా తిరగేశాడు. ఓటు వెయ్యబోయిన ప్రతి ఇంటి వరసలోనూ ఒకే అడ్రసు. అప్పుడు తట్టింది. “పోయిన నెల ఊరికి కొత్తరకం అడ్రసులిచ్చారండీ, బాగా పొడుగు. మన సాఫ్ట్‌వేరు పాతది, గడిలో పదిహేను అక్షరాలే పడతాయి. మిగతాది కత్తిరించేస్తోంది. మొదటి ముక్క ఊరందరిదీ ఒకటే, అందుకని ఊరంతా ఒకే ఇల్లనుకుంటోంది!”

గడి వెడల్పు చేయడానికి అయిదు నిమిషాలు పట్టింది.

“మరి పడ్డ ఆ ఒక్క ఓటు?” అన్నాడు మేయరు.

“అది... మా ఇంటిదేనండీ. బ్లాంకిటా గారికి. చెరిపేస్తాను.”

“చెరిపితే అత్తగారి కోసం చేశావంటారు. పడ్డది పడ్డట్టే ఉండనీ.”

అత్తగారు గొడుగు టప్పున మడిచి అల్లుడికేసి చూశారు. ఆ చూపుకి అందరికీ భయమేసింది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. బ్లాంకిటాకు నూట ఎనభై ఏడు, ఎర్మెలిందాకు నూట ఎనభై ఎనిమిది. ఊరు ఈలలు వేసింది. బ్లాంకిటా మెల్లగా మొగుడివైపు తిరిగింది.

“పొద్దుటి నుంచీ వేశావు, వేశావు అన్నావుగా,” అన్నాడు ఉల్పియానో తాపీగా. “అనిపించుకున్నాక వెయ్యకపోతే ఏం బాగుంటుందని, నీకన్నా ముందే నొక్కేశాను.”

ఆ సాయంత్రం మూకుడు పొయ్యి మీదే ఉంది. మొదటి వాయి ఉల్పియానో ఇంటికి వెళ్లింది. అల్లుడికి అత్తగారు స్వయంగా మాతె పోసిచ్చారు, సలసలా మరిగిన నీళ్లతో.