గజదొంగకు రామలింగం మొహం

గురువారం పొద్దున మొగులయ్య అనుకున్న పని చిన్నదే. పాత గుడ్డకు సుద్ద పూసి ఆరబెట్టాలి, మధ్యాహ్నానికల్లా దాని మీద ఒక దొంగను నిలబెట్టాలి, ఇంటికి పోయి నడుం వాల్చాలి. పురానాపూల్ దగ్గరి ఆ పాత టాకీసుకు ఇరవై ఏళ్లుగా బొమ్మలు గీస్తున్నది అతనే. మొహాలు మారేవి గాని గుడ్డ మారేది కాదు. సినిమా పోగానే పాత హీరో మీద సుద్ద పడేది, ఆ సుద్ద మీద కొత్త హీరో నవ్వేవాడు.

మేనేజరు శ్రీహరిరావు తెనాలి వైపు నుంచి వచ్చినవాడు. పొదుపులో ఆయన్ను మించినవాడు మూసీకి రెండు వైపులా లేడు. ఈసారి పొద్దుటాటకు ఎవరూ అడగని ఒక ఇంగ్లీషు సినిమా తెచ్చాడు. పేరుమోసిన బ్యాంకు దొంగ కథ అది. ఎంత తక్కువ ఖర్చుతో తీశారంటే, దొంగ మూడు బ్యాంకులు దోచినా మూడింటికీ గోడ ఒకటే, క్యాలెండరు మాత్రం మార్చారు. రీళ్లతో పాటు రావలసిన ఫొటోలు రాలేదు. ఒక కరపత్రం వచ్చింది. అందులో 'నిజంగా జరిగిన కథ' అని ఉంది.

"మొహం సూడకుంట ఎట్ల గియ్యాలె సార్?" అన్నాడు మొగులయ్య.

"దొంగ మొహానికి నమూనా ఎందుకయ్యా? టోపీ పెట్టు, పిస్తోలు పెట్టు. మధ్యలో ఏదో ఒక మొహం తగిలించు" అని శ్రీహరిరావు తేల్చేశాడు.

మొగులయ్య ఒక్కగానొక్క కొడుకు రామలింగం. మాదన్నపేటలో ఒక బ్యాంకులో అటెండరుగా పనిచేస్తూ రెండేళ్ల కిందట కామెర్లతో పోయాడు. ఇరవై మూడేళ్ల పిల్లవాడు. వాడి ఫొటో బ్యాంకు గుర్తింపు కార్డు మీద ఒక్కటే ఉండేది. మనిషి పోగానే నిబంధన ప్రకారం ఆ కార్డును బ్యాంకు వెనక్కి తీసుకుంది. అప్పటి నుంచి తల్లి రాజమణి మొగుణ్ణి ఒకటే అడుగుతోంది. "ఊరందరి మొహాలు గీస్తవ్. నా కొడుకును ఒక్కసారి గియ్యరాదు?" అతను ఎన్నోసార్లు కూర్చున్నాడు. కళ్ల దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆగిపోయేది. మొన్న సంక్రాంతి దాటాక ఆమె ఇంకో మాట కూడా అంది. "వాని మొహం సరిగ్గ యాదికొస్తలేదు. నాకు మస్తు భయమైతుంది."

ఆ గురువారం టోపీ గీశాడు. పిస్తోలు గీశాడు. పొద్దెక్కుతోందన్న తొందరలో మధ్యలో చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చాడు. నాలుగడుగులు వెనక్కి జరిగి చూసేసరికి టోపీ కింద నుంచి రామలింగం తనవైపే చూస్తున్నాడు. చిన్నప్పుడు మెట్ల మీద పడితే ఎడమ కనుబొమ్మ మీద అయిన గాటు కూడా ఉంది. రెండేళ్లుగా కొడుక్కు రాని కళ్లు దొంగకు వచ్చాయి. చెరిపేద్దామని సుద్ద బకెట్ అందుకున్నాడు గాని మళ్లీ కింద పెట్టేశాడు. అక్కడే కూలబడి ఏడ్చాడు.

శ్రీహరిరావు వచ్చి, "బాగుందయ్యా, జాలిగొలిపే దొంగ. ఆడవాళ్లు కూడా వస్తారు" అని మెచ్చుకుని పోయాడు.

ఈ సంగతి మొగులయ్య ఇంట్లో చెప్పలేదు. కొడుకును గియ్యమంటే దొంగను చేసినవా అంటుందని భయం. వారం తిరిగితే సుద్ద పడుతుంది, ఎరిగినవాళ్లెవరి కంటా పడదు అనుకున్నాడు. శ్రీహరిరావు పొదుపు సంగతి మాత్రం మరిచిపోయాడు. ఒకే గుడ్డ రెండు పనులకు పనికొస్తుందని, శుక్రవారం ఆయన దాన్ని రిక్షాకు కట్టించి ఊరి మీదికి తోలాడు. మైకు పట్టుకుని కూర్చున్నవాడు సీమోను. ఆదివారాలు చర్చిలో పాడే గొంతు, అతను ఏం చెప్పినా నమ్మబుద్ధవుతుంది.

"బ్యాంకులు కొల్లగొట్టిన గజదొంగ. నిజంగా జరిగిన కథ" అంటూ రిక్షా మాదన్నపేట కూరగాయల మార్కెట్ ముందు ఆగింది.

వంకాయలు తూస్తున్న సక్కుబాయి తలెత్తి చూసి తక్కెడ వదిలేసింది. బ్యాంకులో తనకు స్లిప్పులు రాసిపెట్టే పిల్లవాడు. 'అవ్వా' అని పిలిచేవాడు. ఒకరోజు కనబడకపోతే అడిగింది, ఇప్పుడు ఇక్కడ లేడు అని మాత్రం ఎవరో చెప్పారు.

"మన రామలింగం గదనే" అంది పక్క దుకాణం ఆమెతో. "గందుకేనా కనవడకుంట పోయిండు?"

"నిజంగ జరిగిందని మైకుల చెప్తున్నరు. ఉత్తగ చెప్తరా?" అంది ఆమె.

చిలికి చిలికి గాలివాన అయింది. శనివారం బ్యాంకు తలుపు తియ్యకముందే మార్కెట్ అంతా పాసుబుక్కులతో వచ్చి నిలబడింది. బ్యాంకు మేనేజరు ఏడుకొండలు గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి ఆరు నెలలు కాలేదు.

"ఏమ్మా, ఏమైందీ?"

"మీ పోరడు రామలింగం మా పైసలు ఎత్తుకపోయిండట. సినిమా గూడ తీసిన్రు. మీకే తెల్వదా?" అంది సక్కుబాయి.

ఏడుకొండలు కంగారుగా లోపలికి పరుగెత్తాడు. పాత గుమాస్తా ఆ రోజు సెలవు. బీరువాలోంచి రామలింగం ఫైలు లాగితే గుర్తింపు కార్డు దొరికింది. అప్పుడే సీమోను రిక్షా మళ్లీ అటు వచ్చింది. కార్డును గుడ్డ పక్కన పెట్టి చూశాడు. అదే మొహం, అదే గాటు. తాను రాకముందు ఇక్కడ దొంగతనం జరిగిందనీ, అందరూ కలిసి తన దగ్గర దాచారనీ తేల్చుకున్నాడు. ఫైలులో ఇంకో కాగితం తిప్పి ఉంటే మరణ ధ్రువపత్రం కనబడేది. కంగారులో ఉన్నవాడు కాగితాలు తిప్పడు. పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చాడు, కార్డు కూడా జతచేశాడు.

మధ్యాహ్నానికి హెడ్ కానిస్టేబుల్ గుండయ్య ఇద్దరు జవాన్లతో టాకీసుకు వచ్చాడు. రిక్షా గుమ్మం ముందే ఉంది. దాని చుట్టూ జనం.

"ఎవడు వీడు?" అన్నాడు గుండయ్య.

"అమెరికా దొంగండీ" అన్నాడు శ్రీహరిరావు.

"అమెరికా దొంగకు గూడ గాటు గిక్కడ్నే ఉంటదా?" అని గుండయ్య కార్డు చూపించి, మొగులయ్య వైపు తిరిగాడు. "గీసింది నువ్వే గద. వీడెక్కడున్నడో చెప్పు."

మొగులయ్య నేల చూపులు చూశాడు. చెబితే, చచ్చిపోయిన కొడుకును తన చేత్తోనే దొంగను చేశానని ఇంతమందిలో ఒప్పుకోవాలి. ఆ మౌనం గుండయ్యకు ఇంకో రకంగా అర్థమైంది.

"దాస్తున్నవ్. స్టేషన్‌కు నడువు" అన్నాడు.

అప్పుడే రాజమణి మొగుడికి అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చి ఆగిపోయింది. డబ్బా కింద పెట్టి, గుడ్డ దగ్గరికి పోయి, కనుబొమ్మ మీది గాటును వేలితో తడిమింది.

"నా కొడుకు" అంది.

"ఎక్కడున్నడమ్మా?" గుండయ్య వెంటనే అందుకున్నాడు.

"పూల్ అవతల. ఏటి ఒడ్డుకు."

ఆమె అబద్ధం చెప్పలేదు. గుండయ్య జవాన్లను తీసుకుని వంతెన మీద పరుగెత్తాడు.

"తప్పైంది రాజమణీ" అన్నాడు మొగులయ్య, తలెత్తకుండానే. "నేను గియ్యలె. చెయ్యే గట్ల పోయింది."

"టోపీ ఎందుకు పెట్టినవ్? ఎండ మండినా పెట్టుకునేటోడు గాదు వాడు." ఆమె కళ్లు గుడ్డ మీదే ఉన్నాయి. "కండ్లు గట్లనే ఉన్నయి. గిప్పుడు యాదికొచ్చింది నాకు." తరువాత శ్రీహరిరావు వైపు తిరిగి, "సార్, గీ గుడ్డ నాకియ్యుండ్రి" అంది.

శ్రీహరిరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గుడ్డ ఓనరుగారిదమ్మా. శుక్రవారానికి దీని మీద కొత్త బొమ్మ పడకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. ఏం చెయ్యమంటావు?"

గుండయ్య తిరిగి వచ్చేసరికి మోకాళ్ల దాకా బురద ఉంది, టోపీ చేతిలో ఉంది. స్మశానం కాపరి అతనికి రామలింగాన్ని చూపించాడు. తుమ్మచెట్టు కింద మూరెడు మట్టి దిబ్బ. గుండయ్య రాజమణిని చూశాడు, గుడ్డను చూశాడు, గోడ వార ఉన్న సుద్ద బకెట్‌ను చూశాడు. అప్పటికి సంగతి తెలిసిన జనమంతా, ఇక కేసు లేదంటాడని ఎదురుచూశారు. అతను జేబులోంచి కాగితం తీశాడు.

"గీ గుడ్డ సాక్ష్యం. జప్తు చేస్తున్న. దీని మీద ఎవడన్న సుద్ద పూస్తే వాణ్ణి లోపలేస్త."

"ఎన్నాళ్లండీ?" అన్నాడు శ్రీహరిరావు.

"ముద్దాయి దొరికేదాక." తరువాత గొంతు తగ్గించి రాజమణితో అన్నాడు. "కాయిదం మీద దొంగనే ఉంటడమ్మా. ఏమనుకోకు."

"గట్లనన్న ఉండనియ్యి సార్" అంది రాజమణి.

ఇరవై ఏళ్లలో మొదటిసారి శ్రీహరిరావు కొత్త గుడ్డ కొన్నాడు. నిజం తెలిసిన సక్కుబాయి బుట్టెడు వంకాయలు తెచ్చి, రాజమణి వాకిట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చి పోయింది. గుడ్డ స్టేషన్ వెనక వరండాలో గోడకు వేలాడుతోంది. ప్రతి గురువారం రాజమణి వచ్చి దాని ఎదురుగా కాసేపు కూర్చుంటుంది, గుండయ్య చాయ్ తెప్పిస్తాడు.

ఏడాదికోసారి పైఅధికారులు పాత కేసులన్నీ మూసెయ్యమంటారు. అప్పుడల్లా గుండయ్య ఆ ఫైలు మీద ఒకటే వాక్యం రాస్తాడు: ముద్దాయి రామలింగం పరారీలో ఉన్నాడు, గాలింపు జరుగుతున్నది.