మెట్ల వంతు పలక

శనివారం పొద్దున స్వెన్యా చేయవలసిన పనులు: కెమెరాకు ఛార్జింగు పెట్టడం, తలుపుల దృశ్యం తీయడం, తానుండే భవనంలో కింది ఇంటావిడ హేఫెలె గారినీ పై ఇంటాయన ఏబర్లె గారినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ తాగించడం, సాయంత్రంలోగా సినిమా పంపడం. యూరప్ పొట్టి సినిమాల పోటీ అది. అంశం కలహం, సహానుభూతి. ఈసారీ ఎంపిక కాకపోతే, బస్సు నడిపే తల్లి మాట విని పళ్ల డాక్టరు దగ్గర గుమాస్తాగా చేరిపోతానని ఒప్పుకుంది.

కథలో ఇరుగుపొరుగువాళ్లు పోట్లాడుకుని రాజీపడతారు; నటించేది వాళ్లిద్దరే. పోట్లాట షూటింగు అయిపోయింది, రాజీ దృశ్యం మిగిలింది. తలుపుల దృశ్యం కోసం హేఫెలె గారి తలుపుకున్న పలక తీసి ఏబర్లె గారి తలుపుకు తగిలించింది. ఆ వారం మెట్లు తుడిచే వంతు ఎవరిదో చెప్పే పలక అది. జర్మనీలో స్టుట్‌గార్ట్ వైపు ఇళ్లలో మొగుడి మీద చెయ్యి వేసినా క్షమిస్తారేమో గానీ, ఆ పలక మీద వేస్తే క్షమించరు. దృశ్యం బాగా వచ్చిందన్న సంబరంలో స్వెన్యా దాన్ని తిరిగి పెట్టడం మరిచిపోయింది.

సంత నుంచి వచ్చిన ఏబర్లె గారు తన తలుపు మీద పలక చూసి భగ్గుమన్నారు.

"ఏమండీ హేఫెలె గారూ! పోయిన వారమేగా తుడిచి చచ్చాను? నేనేమన్నా మీ ఇంటి జీతగాణ్ణా?" అంటూ పలకను ఆవిడ తలుపుకు ఠపీమని తగిలించారు.

తెల్లారకముందే మెట్లు తుడిచేసిన ఆవిడకు, తన పనికి వంక పెట్టినట్టు తోచింది. "మురికి మెట్ల మీద లేదు, మీ కళ్లజోడు మీదుంది!" అని పంతంగా కింది నుంచి మళ్లీ తుడవసాగింది. తన గుమ్మం ముందు కూడా ఆవిడే తుడిచేస్తుందేమోనని ఆయన పౌరుషంగా పై నుంచి మొదలుపెట్టారు. నడిమెట్ల మీద ఇద్దరూ ఢీకొని బకెట్టు దొర్లింది.

అప్పుడే స్వెన్యా కెమెరాతో వచ్చి, "కాఫీకి రండి, రాజీ దృశ్యం తీద్దాం" అంది.

"ఈయనతోనా? అంతకంటే ఈ బకెట్టు నీళ్లు తాగుతా!"

"నిక్షేపంగా తాగండి. మీరు తుడిచిన నీళ్లకు మురికెక్కడ అంటుతుంది?"

వాళ్ల వాదులాటలోనే పొద్దు వాలింది, గడువు దగ్గరపడింది. "పలక మార్చింది నేను" అంది స్వెన్యా.

మెట్ల మీద చీపుళ్లు ఆగిపోయాయి.

"పలకనా?" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. ఆవిడ మెట్టు మీద కూలబడింది. ఏబర్లె గారు జేబురుమాలు అందించారు.

"చిన్నతనాన మేమూ వెధవ పనులు చేశాం గానీ, ఇంత ఘోరమా!"

"మీరన్నది అక్షరాలా నిజమండీ ఏబర్లె గారూ."

ఇద్దరూ స్వెన్యాను హేఫెలె గారి వంటింట్లోకి లాక్కుపోయి, కాఫీ పోసుకుని, ఒకరి మాట ఒకరు అందుకుంటూ తిట్టారు. ఆయన తడిసిన చేతులు చూసి ఆవిడ తువ్వాలు ఇచ్చింది. ఆవిడ మోకాలి నొప్పి గురించి ఆయన మొదటిసారి అడిగారు. స్వెన్యా తల వంచుకునే ఉంది గానీ, కెమెరా ఆపలేదు.

తనను తిట్టిన మాటలన్నీ కత్తిరించి, గడువు ముగియకముందే పంపింది. సినిమా ఎంపికైంది. ఇంత సహజమైన రాజీ నటించడం అసాధ్యమని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారు. ప్రదర్శన రోజు సాయంత్రం హేఫెలె గారూ, ఏబర్లె గారూ చేయి చేయి పట్టుకుని వేదికెక్కారు.

మీరెక్కడైనా ఆ సినిమా చూస్తే, ఆ సాయంత్రం హాల్లో లేని దర్శకురాలిని ఒకసారి తలచుకోండి. వాళ్లిద్దరూ కలిసి వేసిన శిక్ష ప్రకారం, ఆ ఏడాదంతా మెట్ల వంతు ఆమెదే.