ఇతర భాషలు: పదకొండు మంది

మధ్యాహ్నం నిద్ర చెడగొట్టేవాళ్లలో జనాభా లెక్కల వాళ్లంత ఆప్తులు మనిషికి మరొకరు లేరని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. నిద్రమత్తులో అంటున్న మాట కాదిది, మొహం కడుక్కుని వచ్చి మరీ రాస్తున్నాను.

మీరే చెప్పండి. మీ ఇంట్లో ఎన్ని గదులున్నాయి, వంట దేనిమీద చేస్తారు, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి అని మిమ్మల్ని ఆఖరిసారి ఎవరడిగారు? బంధువులా? వాళ్లడిగేది మీ పిల్లాడి మార్కుల గురించి ఒక్కటే. అది కూడా వాళ్ల పిల్లాడి మార్కులు చెప్పుకోవడానికి. జనాభా లెక్కల మనిషి అలా కాదు. అడుగుతాడు, ఆగుతాడు, మనం చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడు. ఇంతటి మర్యాద మా ఆఫీసులో నాకెప్పుడూ జరగలేదు.

అందులోనూ భాషల ప్రశ్న ఉంది చూశారూ, దాని అందమే వేరు! మీ మాతృభాష ఏది, ఇంకా ఏమేం భాషలొచ్చు అని అడిగేసరికి మా వీధంతా పండితుల వీధి అయిపోయింది. పై వాటాలో ఉండే ఇన్సూరెన్స్ ఏజెంటు తనకు ఏడు భాషలొచ్చని రాయించాడు. అందులో ఒక భాషలో ఆయనకు వచ్చింది "తలుపులు మూసుకుంటున్నాయి, జాగ్రత్త" అనే ముక్క ఒక్కటే. రైల్లో విన్నాడట. ఎదురింటి రిటైర్డ్ గుమాస్తాగారైతే తన కుక్కకు ఇంగ్లీషు వచ్చని రాసుకోమని పట్టుబట్టాడు. "సిట్ అంటే కూర్చుంటుందండీ. మా అబ్బాయి కూర్చోడు" అన్నాడు.

ఇవన్నీ కలిపి ఈ లెక్కలు చూసే సర్వే ఆఫీసువాళ్లు రంగురంగుల గుండ్రటి బొమ్మ ఒకటి గీస్తారు. మా వీధిలో ఇంత జ్ఞానం మూలుగుతోందని ఆ బొమ్మ చూసేదాకా మాకే తెలియదు.

మా ఇంటికి వచ్చింది బడిలో డ్రిల్ మాష్టారు. లెక్కల డ్యూటీ ఆయనకు వేశారట. మెళ్లో ఈల వేలాడుతూనే ఉంది. టాబ్ చేత్తో పట్టుకుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టారు. ఇక్కడ నాకు మరీ నచ్చిన సదుపాయం ఒకటి చెప్పాలి. ఇంట్లో ఎంతమంది ఉన్నా సరే, ఇంటి యజమాని ఒక్కడు నోరు తెరిస్తే చాలు! అందరి వయసులూ, చదువులూ, భాషలూ వాడి నోట్లోంచే వచ్చేస్తాయి. ఎంత టైము ఆదా!

"మీ ఆవిణ్ణి కూడా ఒకసారి పిలుస్తారా?" అన్నారు మాష్టారు.

"ఎందుకండీ, నాకు తెలియనిది ఆవిడ దగ్గరేముంది? రాసుకోండి. ఇంట్లో అందరిదీ తెలుగే."

వంటగదిలోంచి మా అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "నాది వేరు నాయనా. నాది వేరేగా రాయి."

అత్తగారిది ఎక్కడో కొండల అవతల ఊరు. పెళ్లయి తెలుగువాళ్లింట్లో అడుగుపెట్టగానే, ఆ మాట మనింట్లో వద్దు, పిల్లలకు పట్టుబడుతుంది అన్నారట అక్కడి పెద్దలు. అందుకని కూతురికి, అంటే మా ఆవిడకు, నేర్పనేలేదు. చెల్లెలితో ఫోన్‌లో మాత్రం రోజూ ఆ భాషలో తనివితీరా మాట్లాడుకునేవారు. ఆ చెల్లెలు నిరుడు పోయింది. అప్పట్నుంచీ అత్తగారి భాష కుక్కర్‌ను తిట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది.

"దాని పేరేంటండీ?" అన్నారు మాష్టారు.

"పేరెందుకు? మేం మా మాట అనే అంటాం."

మాష్టారు టాబ్‌ను పైకీ కిందికీ జరిపి వెతికారు. మా మాట అనే భాష అందులో లేదు. చివరికి ఆయన మొహం వికసించింది. "ఇతర భాషలు అని ఒకటుందండీ. అందులో వేసేస్తాను."

చూశారా ఎంత పెద్ద మనసో! పేరు లేదని ఎవరినీ వీధిలో నిలబెట్టరు. అందరికీ కలిపి ఒక గది తెరిచి ఉంచారు, కాస్త ఇరుగ్గా ఉంటుందంతే.

కొన్నాళ్లకు మా వార్డు లెక్కలు పేపర్లో వచ్చాయి. అత్తగారు కూరగాయలు తరుగుతుంటే నేను పైకి చదివాను. ఇతర భాషలు మాట్లాడేవారు పదకొండు మంది.

అత్తగారి చేతిలో కత్తి ఆగింది. "నేను పోగా ఇంకా పదిమంది ఉన్నారా? ఈ వార్డులోనే?"

ఇతర భాషలంటే ఒకే భాష కాదని, ఎక్కడా ఇమడనివన్నీ కలిపి ఒక మూటగా కట్టారని వివరించాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"చదువుకున్నవాళ్లు, ఊరికే ఒకచోట రాస్తారా? పదిమందిలో ఒక్కరైనా మావాళ్లు ఉండరా? కాస్త అడ్రసు కనుక్కో బాబూ. పోయేలోగా ఒక్కసారి మా మాట మాట్లాడుకోవాలనుంది" అన్నారు. చాలా మామూలుగానే అన్నారు.

మర్నాడే సర్వే ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "వివరాలు రహస్యమండీ. వాళ్లున్నారని మాత్రం మాది గ్యారంటీ" అన్నాడు. ఇంతకన్నా ఏం కావాలండీ? మాట్లాడుకోవడానికి మనుషులున్నారని సాక్షాత్తూ ప్రభుత్వమే హామీ ఇస్తోంది! ఎక్కడున్నారో చెప్పదు, అంతేగా.

ఇక లాభం లేదని అత్తగారు సొంతంగా సర్వే మొదలుపెట్టారు. పద్ధతి వింటే ఆ ఆఫీసువాళ్లు కూడా సిగ్గుపడాలి. చెప్పులేసుకుని జనం ఉన్నచోటికల్లా వెళ్లడం, "స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి" అని వాళ్ల మాటలో అనడం, ఎవరు ఉలిక్కిపడతారో చూడడం. అర్థమైనవాడు ఏ పనిలో ఉన్నా ఆ మాటకు కదలకుండా ఉండలేడని ఆవిడ నమ్మకం. నాకు తెలిసినంతలో ఏ సర్వేలోనూ ఇంత గట్టి ప్రశ్న లేదు.

లిఫ్టులో అన్నారు. మందుల షాపులో అన్నారు. బస్టాపులో అన్నారు. పళ్ల డాక్టరుగారి దగ్గర నోళ్లు పట్టుకుని కూర్చున్నవాళ్ల మధ్య కూడా అన్నారు. అక్కడ ఒక పెద్దాయన చటుక్కున తిరిగి చూశాడట. అత్తగారికి ప్రాణం లేచివచ్చింది. తీరా ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ తీసి, "నన్నేమైనా అన్నారా?" అని తెలుగులో అడిగాడు.

ఆ తర్వాత ఆవిడ బయటికి వెళ్లడం తగ్గించేశారు. ఎందుకని అడిగితే, "పదిమందీ ఇళ్లు మారినట్టున్నారు" అన్నారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను సోఫాలో నడుం వాల్చాను. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని, ఎవరితో అనీ కాకుండా, గొంతు బాగా తగ్గించి అదే మాట అన్నారు. పాలు పొంగుతున్నాయని.

పక్కనే పడగ్గదిలో బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ నా కాళ్లమీంచి దూకినంత పని చేసి, చేతిలో దుప్పటి ఈడ్చుకుంటూ వంటగదిలోకి పరిగెత్తింది. నేను లేచి వెళ్లేసరికి చల్లటి స్టవ్ ముందు నిలబడి ఉంది. "అమ్మా, పాలేవీ?" అంటోంది.

అత్తగారు గుమ్మంలో కొయ్యబారిపోయారు. "నీకు మా మాట వచ్చా?"

"మాట్లాడ్డం రాదు. వింటే తెలుస్తుంది. చిన్నప్పట్నుంచీ నువ్వూ పిన్నీ మాట్లాడుకుంటుంటే ఆ పక్కనేగా కూర్చునేదాన్ని."

"మరి నాతో ఒక్కనాడూ అనలేదేమే?"

"తప్పులొస్తాయి. నువ్వు నవ్వుతావు."

"నవ్వుతాను. నవ్వితే ఏం పోయింది?" అన్నారు అత్తగారు. ఆవిడ కళ్లనిండా నీళ్లు. అంతలోనే ఏదో అనుమానం వచ్చింది. "ఇన్నేళ్లూ మేం ఫోన్‌లో అనుకున్నవన్నీ విన్నావా?"

"అన్నీ విన్నాను."

"అల్లుడి గురించి కూడానా?"

"మీరు ఎక్కువ మాట్లాడుకుంది అదేగా."

ఇద్దరూ కలిసి నావైపు చూశారు. నాకు మాట మార్చాలనిపించింది. "ఇంత తెలిసినదానివి లెక్కలవాళ్లు వచ్చినప్పుడు చెప్పొద్దూ?" అన్నాను మా ఆవిడతో.

"నన్నెవరడిగారు?" అంది.

సోమవారం ఉదయమే సర్వే ఆఫీసుకు ఫోన్ చేసి మా ఆవిడ వివరాలు సరిచేయమన్నాను. "వచ్చే లెక్కల్లో చూద్దామండీ. ఇంతకీ అప్పుడు ఆవిడ తరఫున చెప్పిందెవరు?" అన్నాడు అధికారి. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.

ఇప్పుడు మా వంటగదిలో రోజూ నవ్వులే. మా ఆవిడ తప్పులు మాట్లాడుతుంది, అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వుతారు, మళ్లీ చెప్పిస్తారు. కుక్కర్‌కు తిట్లు తప్పాయి. నేను మంచినీళ్ల కోసం లోపలికి వెళ్తే ఇద్దరూ ఒక్కసారిగా ఆగి, నేను బయటికి రాగానే మళ్లీ మొదలుపెడతారు.

కాబట్టి పాఠకమహాశయులారా, జనాభా లెక్కలు నిజంగా గొప్పవే. వచ్చేసారి డ్రిల్ మాష్టారు తలుపు కొడితే ఇంటి యజమాని నిద్రపోతున్నాడని చెప్పమంటాను. ఏం కావాలన్నా వంటగదిలోకి వెళ్లి వాళ్లనే అడగమంటాను. నా వివరాలు కూడా వాళ్లే చెబుతారు. చెప్పేముందు వాళ్ల మాటలో ఏమేం అనుకుంటారో నాకు ఒక్క ముక్క అర్థం కాదనుకోండి.