పెద్దాయనకూ పిన్నికీ తేడా

మనిషి ఒంట్లో మందు ఎటు నడవాలో తేల్చే పనిని ఇకపై ఒంటికి వదిలిపెట్టేది లేదని ఔషధ సంచార పరిశోధన సంస్థ నిర్ణయించింది. శరీరాలు ఇన్నాళ్లూ ఇష్టారాజ్యంగా నడుచుకున్నాయి కాబట్టి, లెక్కకు కట్టుబడే మనిషిని ఒకణ్ని కంప్యూటర్లో తయారు చేశారు. బరువు డెబ్బై కిలోలు. ఎప్పుడూ వెల్లకిలా పడుకునే ఉంటాడు. తినడు, నడవడు, ఎదురు చెప్పడు. (ఆఫీసులన్నీ కలలు కనేది ఇలాంటి పౌరుడి గురించే.) సంస్థలో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు.

పెద్దాయన లెక్క సరైనదేనని రుజువు చేయడానికి ప్రాణమున్న మనిషి ఒకరు కావాల్సి వచ్చారు. రక్తపోటు మాత్ర రోజూ మరిచిపోయే మా పిన్నిని నేనే తీసుకెళ్లి చేర్పించాను. (నా తెలివి తెల్లారినట్టే ఉంది.) పిన్ని బరువు నలభై మూడు కిలోలు. మందు నింపిన బియ్యపు గింజంత గొట్టాన్ని ఆమె భుజం చర్మం కింద అమర్చారు. అందులోంచి రోజుకెంత మందు దిగాలో సంస్థ కంప్యూటరే చెబుతుంది.

నాలుగో రోజు పిన్నికి కళ్లు తిరిగాయి. తేడాల విభాగానికి తీసుకెళ్తే గుమస్తా మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"ఒంట్లో తేడాగా ఉంది బాబూ. మందు కాస్త తగ్గించండి" అంది పిన్ని.

"ఎంత తేడా అమ్మా? శాతంలో చెప్పాలి."

ఆ సంస్థలో తేడా అంటే పెద్దాయన అంకెకూ రోగి అంకెకూ మధ్య దూరం, అంతే. పిన్ని చాలాసేపు ఆలోచించి, నిలబడితే ఎక్కువ, కూర్చుంటే తక్కువ అంది. ఫారంలో తేడా అన్న గడిలో అంకెలు తప్ప పట్టవు కనుక గుమస్తా నలభై అని వేసుకున్నాడు.

ఫైలు దేహ క్రమశిక్షణాధికారి దగ్గరికి వెళ్లింది. ఆయన తెర మీద పెద్దాయనకు అదే మోతాదు ఎక్కించి చూశాడు. పెద్దాయనకు కళ్లు తిరగలేదు. తొమ్మిదో నిబంధన ప్రకారం, మోతాదు మార్చాలంటే ముందు పెద్దాయనకు కళ్లు తిరగాలి, లేదా రోగి డెబ్బై కిలోలకు రావాలి. (గడువు పదిహేను రోజులు. ధర్మాత్ములు.)

నాకు ఒళ్లు మండింది. ఆమె బరువు వేసి మళ్లీ లెక్క కట్టండయ్యా అన్నాను. వచ్చినవాళ్లందరి బరువులూ వేసుకుంటూ పోతే పెద్దాయన పెద్దరికం ఏం కావాలని అధికారి నొచ్చుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"నేను బతికున్న మనిషిని కదా నాయనా, నా మాట వినవా?" అంది పిన్ని.

"అదేనమ్మా ఇబ్బంది. మీరు నడుస్తారు, తింటారు, కంగారు పడతారు. ఇవేవీ లెక్కలో లేవు."

పోనీ గొట్టం తీసేయమన్నాం. దానికి ఇద్దరి సంతకాలూ కావాలట, పిన్నిదీ పెద్దాయనదీ. బయటి డాక్టర్లేమో పెట్టినవాళ్లే తీయాలన్నారు.

పన్నెండో రోజు పొద్దున పిన్ని వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు వెల్లకిలా పడుకోవాలన్నారు. తిండి సహించడం లేదు. నాతో మాట్లాడటం మానేసింది, ఆ ముఖం చూడలేకపోతున్నాను.

నిన్న సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. రోగి క్రమశిక్షణలో మెచ్చుకోదగ్గ మార్పు వచ్చిందనీ, ఇదే సహకారం కొనసాగించాలనీ రాశారు. అడుగున, తేడా అన్న గడిలో, గుమస్తా సున్నా చుట్టాడు.