కంపెనీ ముందు ఆగని వ్యాను

ఆ రోజు పొద్దున ఆగయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తన వ్యానును మూసీ అవతలి మోటారు కంపెనీకి తీసుకుపోవాలి. మేనేజరు కళ్ల ముందరే అది ఆగిపోవాలి. దాని బదులు కొత్త వ్యాను తెచ్చుకోవాలి. గ్యారంటీకి ఆ సాయంత్రమే ఆఖరు. గ్యారంటీ అంటే అమ్మేవాడు నవ్వుతూ ఇచ్చే మాట. దాన్ని ఏడుస్తూ అడుక్కోవడం కొన్నవాడి పని.

ఛత్రినాకలో ఆగయ్యకు బర్రెలున్నాయి. మధ్యాహ్నం పిండిన పాలను అఫ్జల్‌గంజ్‌లో బాబూమియా చాయ్ హోటలుకు చేర్చడం అతని బతుకుతెరువు. ఎడ్లబండి ఉన్నన్నాళ్లు బాగానే సాగింది. ఎడ్లను అమ్మి వ్యాను కొన్ననాటి నుంచి కష్టాలు మొదలయ్యాయి. పాల క్యాన్లతో బయలుదేరిన వ్యాను షాలిబండ దాటేసరికి బుసకొట్టి, ఆవిరి కక్కి, నడిబజారులో నిలబడిపోయేది. అది చల్లారి కదిలేలోగా పాలు విరిగిపోయేవి.

"ఇంకొక్కపారి పాలు ఇరిగినయంటే నర్సింహ తాన తీసుకుంట, సమజ్ అయ్యిందా?" అని బాబూమియా ముందురోజే చెప్పేశాడు. నర్సింహ అదే గల్లీ పాలవాడు. ఆగయ్య ఎప్పుడు మునుగుతాడా అని ఒడ్డున కూర్చుని చూస్తున్న మనిషి.

వ్యాను ఆగినప్పుడల్లా డ్రైవరు గులాం రసూల్ దిగి, "ఇంజన్‌కు దమ్ము ఆడ్తలేదు భాయ్," అనేవాడు. ఆ మాట అంటూనే బండి ముందర వేలాడే వేపాకు దండను మర్యాదగా విప్పి పక్కన పెట్టి, మూత ఎత్తి నీళ్లు పోసేవాడు. బండి చల్లారగానే అంతే మర్యాదగా దండను మళ్లీ కట్టేవాడు.

ఆ దండ ఆగయ్య భార్య బుచ్చమ్మది. గల్లీలో అదే మొదటి మోటారు. దిష్టి తగలకుండా ఆమె వేపమండలు, నిమ్మకాయలు, మిరపకాయలు కలిపి పరుపంత మందాన అల్లి, బండి ముందరి జాలీ వేలెడు కూడా కనబడకుండా కట్టేది. కంపెనీకి పోయేటప్పుడు మాత్రం విప్పేసేది. ఒకసారి దారిలో మేనేజరు ఇశ్రాయేలు ఆ దండ చూసి, "ఇది మోటారా, పెండ్లికొడుకా?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు.

అట్లా దండ తీసి పోయిన ప్రతిసారీ వ్యాను కంపెనీ దాకా గుర్రంలా పరుగెత్తింది. "ఫాల్టు నా కళ్లతో చూడందే ఒప్పుకోను," అని ఇశ్రాయేలు వాళ్లను తిప్పి పంపాడు.

"ఇయ్యాల ఇడిచిపెట్ట, బుచ్చీ. ఎట్లనన్న దీన్ని ఆగబెట్టి తీర్త," అన్నాడు ఆగయ్య తలకు రుమాలు చుట్టుకుంటూ.

"అందరు బండి నడువాల్నని మొక్కుతరు. నువ్వేందయ్యా ఆగాల్నని మొక్కుతవు?" అని బుచ్చమ్మ దండ విప్పింది.

వ్యాను ఎక్కడా దగ్గనైనా దగ్గకుండా కంపెనీకి చేరింది. తెల్ల సూటులో ఇశ్రాయేలు బయటికి వచ్చాడు.

"మళ్లీ నడిచే వచ్చిందిగా? నడుస్తుందనా మీ కంప్లయింటు?"

"ఈడికొస్తెనే నడుస్తది సాబ్, గదే దీని దొంగబుద్ధి! పాలు ఎక్కియ్యంగనే ఆగుతది. నా ఇంటి దాక రాండ్రి, క్యాన్లు ఎక్కించుకొని నడుద్దాం. అఫ్జల్‌గంజ్ దాక ఆగకుంటె మల్ల మీ గడప తొక్క."

ఆ ఆఖరు మాట ఇశ్రాయేలుకు బాగా నచ్చింది. ఎక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా ఆగయ్య చెవి ఇంజన్ మీదే పెట్టి, "ఆగవే నీ మొఖం మండ! నిన్నటి పౌరుషం ఏడవోయింది?" అని గొణుగుతూనే ఉన్నాడు.

"ఫాల్టు బండిది కాదు, డ్రైవరుది," అని తేల్చాడు ఇశ్రాయేలు.

గులాం రసూల్‌కు మండింది. "జాగీర్దార్ల మోటార్లు నడిపిన సాబ్ నేను! ఇంకో మాటంటే ఈడ్నే దిగిపోత!"

"దిగిపో భాయ్, గప్పుడన్న ఆగుతది," అన్నాడు ఆగయ్య ఆశగా.

వ్యాను ఆగకుండానే ఛత్రినాక చేరింది. గల్లీ అంతా మూగింది. కంపెనీ పెద్దమనిషికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. బానెట్ మీద అరచేత్తో చరిచి, "ఇట్లాంటి వ్యాను షహరు మొత్తంలో లేదు!" అని అందరికీ వినబడేలా చెప్పాడు. నర్సింహ బండి చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. బుచ్చమ్మ ఆ మూగిన జనాన్ని లెక్కపెట్టింది. ఇన్ని కళ్లు ఒక్కసారి పడ్డాక ఏ బండి మాత్రం బతుకుతుంది? మగవాళ్లు క్యాన్లు ఎక్కించేలోపల పొద్దున విప్పిన పాత దండను మళ్లీ కట్టి, దాని మీద కొత్త దండ కూడా కట్టేసింది. ఇశ్రాయేలు చూశాడు కాని, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగుతూ నవ్వడం బాగుండదని ఊరుకున్నాడు.

ఎండ నిప్పులు చెరుగుతోంది. వ్యాను ఈసారి షాలిబండ కూడా దాటలేదు. బుస్సుమని ఆగిపోయింది.

ఆగయ్య కిందికి దూకి, "ఆగింది! సాబ్, ఆగింది!" అని రుమాలు గాలిలోకి ఎగరేసి చిందులు తొక్కాడు. జనం గుమిగూడారు. ఆ చిందులు చూసి, ఆగయ్యకు కొడుకు పుట్టాడని ఒకడు, జైలు నుంచి తమ్ముడు విడుదలయ్యాడని ఇంకొకడు చెప్పుకున్నారు. ఆగిన వ్యాను చుట్టూ జనం, జనం వెనక టాంగాలు, టాంగాల వెనక గడ్డి బండ్లు. బజారు మొత్తం బిగుసుకుపోయింది.

"జర గిది పట్టుకోండ్రి సాబ్," అని గులాం రసూల్ దండల బరువంతా ఇశ్రాయేలు చేతుల్లో పెట్టి ఇంజన్ నీళ్ల మూత తిప్పాడు. తుప్పునీళ్లు చిమ్మి తెల్ల సూటు మీద పడ్డాయి. "ఇప్పుడు చెప్పుండ్రి, నా కసూర్ ఏమన్న ఉన్నదా?"

దండ పట్టుకుని, తడిసి, చుట్టూ జనం నవ్వుతుంటే ఇశ్రాయేలు సగం ఏడుపు గొంతుతో అన్నాడు. "కొత్త వ్యాను ఇస్తానయ్యా! ముందు నన్నిక్కడి నుంచి పంపించు!"

అంతలో పాల కోసం ఎదురుచూసి విసిగిన బాబూమియా టాంగాల మధ్యనుంచి తోసుకుంటూ వచ్చాడు. "క్యా ఆగయ్యా! ఆడ నా చాయ్ బంద్ పడ్డది, ఈడ నువ్వు నాచ్ చేస్తున్నవా?"

"కొత్త బండి వస్తున్నది బాబూభాయ్!"

బాబూమియా క్యాను మూత తీసి వాసన చూసి, ముఖం చిట్లించి మూసేశాడు. "కొత్త బండికి ఒక్క మౌకా ఇస్త. గదీ ఆగిందంటె నర్సింహనే. బస్."

కొత్త వ్యాను వచ్చింది. పాతదాన్ని కంపెనీ వాళ్లు తుడిచి నర్సింహకు అమ్మేశారు. నర్సింహ ఇంట్లో దండలల్లే ఓపిక ఎవరికీ లేదు.

కొత్తదానికి దిష్టి ఎక్కువని బుచ్చమ్మ ఎక్కడా సందు లేకుండా అల్లింది. మొదటి మధ్యాహ్నమే, పాలతో పోతూ, షాలిబండలో వ్యాను బుస్సుమంది. గులాం రసూల్ మర్యాదగా దండ విప్పుతుండగా, పాత వ్యాను హారన్ మోగించుకుంటూ అఫ్జల్‌గంజ్ వైపు దూసుకుపోయింది. లోపల నర్సింహ కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు.

"చూసినవా భాయ్!" ఆగయ్య పళ్లు కొరికాడు. "వానికి మంచిగ చేసిచ్చి, మనకు ఖరాబు మాల్ అంటగట్టిండ్రు. నేను ఇడువ. రేపు పొద్దుగాల్నే మల్ల కంపెనీకి పోదాం. గ్యారంటీ ఇప్పుడే గదా షురువైంది!"

మర్నాడు పొద్దున బయలుదేరే ముందు బుచ్చమ్మ దండ విప్పడం మరిచిపోలేదు.