నూటపద్దెనిమిది పాళ్ళ అనురాగం

మారకపు రేటంత నికార్సయిన బంధువు మనిషికి మరొకరు లేరు! దయచేసి నవ్వకండి. ముప్పయ్యేళ్ళ పరిశీలన తర్వాత, పూర్తి బాధ్యతతో చెబుతున్న మాట ఇది.

మిగతా దేశాలవారి అవస్థ చూడండి. తోబుట్టువుకు తమమీద ఎంత ప్రేమ ఉందో వారికెలా తెలుస్తుంది? ముఖాలు చూసి ఊహించుకోవాలి. పుట్టినరోజు కార్డులు తిరగేసి అర్థాలు వెతుక్కోవాలి. ఎంత అనాగరికం! స్వీడన్ సరిహద్దున, స్ట్రోమ్‌స్టాద్‌లో ఉండే మాకు ఆ బెంగ లేదు. వంతెన దాటితే నార్వే. అక్కడి నూరు క్రోనెలకు ఇక్కడ ఎన్ని క్రోనాలు వస్తున్నాయో పొద్దున్నే చూసుకుంటాను. అవతల హాల్డెన్‌లో కాపురముంటున్న మా చెల్లెలు గున్నెల్‌కు నామీద ఆ రోజు ఎంత అనురాగముందో రెండు దశాంశాల వరకు తెలిసిపోతుంది.

మా తాతల కాలంలో ఈ సౌకర్యం లేదు, పాపం. 1875 నుంచి రెండు దేశాల నాణేలదీ ఒకటే విలువ. అటుది ఇటు, ఇటుది అటు చెల్లిపోయేది. 1905లో ఒకే రాజు కింద ఇమడలేక రెండు దేశాలూ విడాకులు పుచ్చుకున్నా, నాణేలు మాత్రం కాపురం చేస్తూనే ఉన్నాయి! దుర్భరమైన రోజులు. చుట్టం గుమ్మంలోకొస్తే ఎందుకొచ్చాడో తెలిసేది కాదు. కేవలం చూసిపోవడానికే వచ్చాడేమోనన్న అనుమానం ఇంటిల్లిపాదినీ పీడించేది. 1914లో మహాయుద్ధం వచ్చి ఆ సమానత్వాన్ని తెగ్గొట్టి పుణ్యం కట్టుకుంది.

తర్వాత 1992. జారిపోతున్న మా క్రోనాను నిలబెట్టడానికి మా కేంద్ర బ్యాంకు వడ్డీని ఐదువందల శాతానికి ఎక్కించింది. ఐదువందలు! అప్పటికీ నిలవక, నవంబరులో చేతులెత్తేసింది. దేశమంతా తల పట్టుకు కూర్చుంది. మా ఊరు మాత్రం రాబోయే నార్వే కార్ల కోసం కొత్త పార్కింగ్ గీతలు గీసుకుంది.

ఇక 2012 వసంతం! నూటికి నూటపద్దెనిమిది! ప్రతి శనివారం గున్నెల్, ఆమె భర్త ఊడ్‌వార్, పిల్లలిద్దరు, అత్తగారు తూరా కారు నిండా కూర్చుని దిగబడేవారు. దుకాణాలన్నీ గాలించి, చివర మా ఇంట పావుగంట ఆగేవారు. తూరా గారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ ఎక్కడా దిగేవారు కాదు. మరెందుకు తీసుకువచ్చేవారంటారా? నార్వే కస్టమ్స్ వారి నియమం సుంకం లేకుండా మనిషికి పది కిలోలు: మాంసం, జున్ను, ఏదైనా. ఐదుగురైతే యాభై కిలోలు. లెక్క చక్కగా కుదిరేది.

“లోపలికి రండి అత్తయ్యా, కాఫీ వేడిగా ఉంది” అని నేను కారు దగ్గరికి వెళ్ళి పిలిచేవాణ్ణి.

“నేను చుట్టాన్ని కాదు నాయనా, పది కిలోల్ని” అనేవారావిడ, ఒళ్ళో ఉన్న బేకన్ మూటను సర్దుకుంటూ. “నన్ను దింపేస్తే ఇది ఎవరి వాటాలో వెళ్తుంది?”

ఎనభయ్యేళ్ళ మనిషిని వారం వారం షికారు తిప్పే సంక్షేమ పథకం ఏ ప్రభుత్వం దగ్గరైనా ఉందా? మారకపు రేటు చిల్లిగవ్వ అడక్కుండా ఆ పని చేసింది!

నూటపదికి దిగినప్పుడు రాక నెలకొకసారైంది. 2020లో నూటికి నూరు. సమానమైపోయాక ఒకరింటికొకరు వెళ్ళే అగత్యమేమిటి? ఏడాదికొక్కసారి, ఈస్టర్ ముందటి గురువారం మాత్రం వచ్చేవారు. ఆ రోజు నార్వేలో దుకాణాలు మూత, మా దగ్గర బార్లా. ఈ ఏడు రేటు తొంభై అయిదు. బుధవారం గున్నెల్ ఫోన్ చేసింది.

“రేపు రావట్లేదు అన్నయ్యా.”

“అదేమిటి? బేకన్ తగ్గింపులో ఉంది.”

“ఇక్కడా ఇంచుమించు అంతే పడుతోంది. పెట్రోలు దండగ.”

“మరి నేనో?”

“నువ్వు తగ్గింపులో లేవుగా!” పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. “ఒక మాటడుగుతాను, కోప్పడకు. మా క్రోనె మీసం మెలేసిన రోజుల్లో నువ్వు మా ఇంటికెన్నిసార్లొచ్చావు?”

లెక్కల దగ్గర నేను తడబడను. “ఒకసారి. 2009. చిన్నాడి బాప్తిజానికి.”

“వచ్చేం చేశావు? ఇక్కడ అన్నీ ఖరీదని ఇంటినుంచి డబ్బాలో రొట్టె తెచ్చుకుని, కార్లో కూర్చుని తిన్నావు. లోపల మేము కేకు కొయ్యకుండా నీకోసం చూస్తున్నాం. ఇదిగో, అత్తయ్య మాట్లాడతారట.”

ఆవిడ గొంతు సన్నబడింది. “నాయనా, నన్ను కారెక్కించి ఏడాదయింది. మీ బేకన్ అక్కర్లేకపోయేసరికి నేనూ అక్కర్లేకుండా పోయాను. ఆ కాఫీ ఒక్కసారైనా దిగి తాగాల్సింది.”

ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకున్నాను. లైనులో ఇబ్బంది కాబోలు.

పాఠకులు అపార్థం చేసుకోకూడదు. తొంభై అయిదంటే ఇటునుంచి అటు వెళ్ళేవారికి లాభం. కనుక రేపు గురువారం నేను హాల్డెన్ వెళ్తున్నాను, కేవలం ఆర్థిక సూత్రాలననుసరించి! రేపు అక్కడ దుకాణాలన్నీ మూసి ఉంటాయి, కొనడానికేమీ దొరకదు కదా అని ఎవరైనా అడిగితే, అది నా దృష్టిలో స్వల్ప విషయం.

నా వాటా పది కిలోల బేకన్ వెనక సీటులో పెట్టాను. రొట్టె డబ్బా ఇంట్లోనే ఉంటుంది. ముందు సీటు ఖాళీ. తిరుగు ప్రయాణంలో అందులో తూరా అత్తయ్య కూర్చుంటారు, ఒళ్ళో ఏమీ లేకుండా.